పాపం అనే మాట

ఒంగోలులో బస్సెక్కి పొదిలి దాకా చదివిన
గ్రీకు నాటకంలో,
పేజీ అడుగున చీమతలలంత అక్షరాల్లో ఒక వివరణ:
కకోన్ అంటే చెడు. కకోన్ అంటే ఆపద కూడా.
మనిషి చేసినదానికీ, మనిషి మీద వచ్చి పడ్డదానికీ
వాళ్లకి ఒకటే మాట.
బహువచనం కకా.
కరెంటు తీగ మీది కాకి అదే అంటోంది,
వ్యాకరణం వచ్చినట్టు.

పక్క సీట్లో కందుల సంచీ ఒళ్లో పెట్టుకున్న ముసలామె
"ఏంది నాయనా, నీలో నువ్వే నవ్వుకుంటన్నావు" అంది.
నా చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది.
నవ్వితే చెయ్యి అడ్డం రావడం మా ఊరి అలవాటు.
మా ఊరి పళ్లు తుప్పు రంగు.

మా ఊరికి నీళ్లు తెచ్చినవాడు కుంచాల మాలకొండయ్య.
వరసగా మూడేళ్లు వాన మొహం చాటేసిన కాలంలో
అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని
చిల్లచెట్ల మధ్య చెప్పుల్లేకుండా తిరిగాడంట.
టెంకాయ లేచి నిలబడ్డచోట
బొటనవేలితో గీత గీసి,
కాడెద్దుల్ని అమ్మి బోరు బండిని పిలిపించాడు.
రెండొందల నలభై అడుగుల దగ్గర
తెల్లటి రాతిపిండి, తర్వాత బురద, తర్వాత నీళ్లు.
ఆడవాళ్లు బండి చక్రాలకి పసుపు రాశారు.
ఆ నీళ్లతోనే ఆయన కాళ్లు కడిగారు.

ఇందులో చెడు ఎక్కడుందో
వేలు పెట్టి చూపించండి.

పదేళ్లకి పిల్లల పళ్లు. ఇరవై ఏళ్లకి పెద్దల నడుములు.
గురవమ్మత్త చుక్కల్ని చూడాలంటే
పక్కకి ఒత్తిగిలి పడుకోవాల్సిందే.
మాలకొండయ్య సొంత మనవరాలు రవణమ్మ
మోకాలూ మోకాలూ రాసుకుంటూ బడికొచ్చేది.

బడి వరండాలో ఊరు కూడినరోజు
తుండుగుడ్డ విదిలించి ముందు లేచింది ఆయనే:
"ఈ నీళ్లల్లో ఏందో కలిపినోడు యాడుండా పట్టుకురండి.
వాడి చెయ్యి పడిపోను."
అందరూ ఔనౌనన్నారు.
గొర్రెలోళ్ల తిరుపాలుని వారం రోజులు బోరింగు దగ్గరికి రానివ్వలేదు.
సీసాల్లో నీళ్లు పట్టి ఒంగోలుకి పంపిందీ ఆయనే.
బస్సు చార్జీ ఆయన మొలసంచిలోదే.

కాగితం వచ్చింది.
ఆయనకి చదువు రాదు. ఏడో తరగతి నేను, నన్ను పిలిచారు.
ఫ్లోరైడు అన్న మాట కూడబలుక్కుని,
అంకె దగ్గర ఆగాను.
"చదువు అబ్బయ్యా" అన్నాడు.
చదివాను.
ఎవడూ ఏమీ కలపలేదు. రాయిలోనే ఉంది.
ఊరికంటే ముందు, ఊరి పేరుకంటే ముందునుంచీ
చీకట్లో ఎవరి జోలికీ పోకుండా పడుకుని ఉంది.
దాన్ని లేపిన చెయ్యి ఒకటే.

వార్త తెచ్చేవాడికి ఆ నాటకాల్లో పేరుండదు.
అప్పట్లో నాకా సంగతి తెలీదు.

ఆఫీసువాళ్లు వచ్చి వేస్తారులే అన్నా వినలేదు.
ఎర్రరంగు డబ్బా కొనుక్కొచ్చి
బోరింగు మూతికి తనే పూశాడు.
బ్రష్షు లేదు. అరచేత్తోనే.
టెంకాయ నిలబడ్డ అరచేత్తో.
కిరసనాయిలు పోసి రుద్దినా
గీతల్లో ఎరుపు చాన్నాళ్లుంది.

ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని
దూరంగా వరసకట్టి నిలబడ్డ ఆడవాళ్లు
"పాపం" అన్నారు.
గురవమ్మత్త అన్నప్పుడు అది జాలి.
రవణమ్మ తల్లి అన్నప్పుడు
గొంతు అడుగున ఇంకేదో గీరుకుంది, బొక్కెన నేలకి తగిలినట్టు.
మాట మాత్రం మారలేదు.
ఆయన ఏది విన్నాడో
తలెత్తి చూడలేదు కాబట్టి తెలియదు.

కనిగిరి స్టాండులో ముసలామె సంచీ దించిపెట్టాను.
"దప్పికైతంది, ఉంటే కాసిని పొయ్యి" అంది.
నా సీసా మూత తీసి
"ఇయ్యి యాడి నీళ్లు నాయనా?" అనడిగి
నేను చెప్పేలోపే
గుటగుటా తాగేసింది.